గొణుగుడుగాడి గొంతు

మా అక్క ఆఫీసు గది తలుపు మీద ఆ కాగితం అంటించి ఉంది. రంగుల్లో అచ్చేశారు. పైన ఎగురుతున్న పిట్ట బొమ్మ ఒకటి. అది మా దీవి పిట్ట కూడా కాదు, ఇంకేదో తెల్లది. కింద పెద్ద అక్షరాల్లో "దీవిలో నల్లపిట్టలు రెట్టింపు" అని ఉంది.

నేను అప్పుడే పడవ దిగి వచ్చాను. బూట్ల నిండా దీవి మట్టి. మోచేతుల దాకా బొరియల మట్టి. చేతికి చెడిపోయిన గుడ్ల వాసన ఇంకా వదల్లేదు. ఆ ముక్క చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం పీకి నాలుగు మడతలు పెట్టి, తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళాను.

"ఎవరు రాశారిది?"

అక్క తల ఎత్తలేదు. "బూట్లు బయట విప్పవే. ఇప్పుడే తుడిచి వెళ్ళారు."

"ఎవరు రాశారని అడుగుతున్నా."

"నేనే. పిట్టలు పెరిగాయంటే ఏడ్చేదాన్ని నిన్నే చూశాను. కూర్చో, మిరపకాయ్."

చిన్నప్పటి నుంచీ నాకు ఇంట్లో అదే పేరు. ముక్కు మీద కోపమని. మా అక్క సముద్ర జీవుల శాఖలో అధికారి. అదే శాఖలో నేను పిట్టల్ని లెక్కపెడతాను. ఆవిడ కుర్చీలో కూర్చుని చేసే పని నేను నేల మీద బోర్లా పడుకుని చేస్తాను. తేడా అంతే అని నేననుకుంటాను. ఆవిడ అలా అనుకోదు.

నల్లపిట్ట పిడికిలంత ఉంటుంది. బతుకంతా సముద్రం మీదే. గుడ్డు పెట్టడానికి మాత్రం దీవికొచ్చి, గడ్డి కింద మెత్తటి మట్టిలో మోచెయ్యంత పొడవు బొరియలో దూరుతుంది. జంటలో ఒకటి గుడ్డు మీద కూర్చుంటే రెండోది రోజుల తరబడి నీళ్ళ మీద తిరిగి, చేపపిల్లల్ని తిని, చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. అప్పుడు మొదటిది బయల్దేరుతుంది. పగలు దీవి మీద నిలబడి ఎంత వెతికినా ఒక్కటి కనపడదు. అన్నీ మన కాళ్ళ కిందే ఉంటాయి. అందుకని వాటిని కళ్ళతో లెక్కపెట్టలేం. బొరియ ముందు పడుకుని, అరచేతిలో పట్టే చిన్న పెట్టెలోంచి మగపిట్ట గొంతు వినిపిస్తాం. లోపల మరో మగపిట్ట ఉంటే, నా ఇంటిముందు నీకేం పనిరా అన్నట్టు తిరిగి గొణుగుతుంది. గొణిగితే అక్కడ కాపురం ఉన్నట్టు రాసుకుంటాం. పలక్కపోతే మళ్ళీ పిలుస్తాం, ఇంకోసారి పిలుస్తాం. మూడుసార్లకీ పలక్కపోతే చెయ్యి పెట్టి చూస్తాం. ఆడపిట్టలూ, బద్ధకంతో నోరు విప్పనివీ అలా దొరుకుతాయి.

ఆ పెట్టెలో గొంతు గొణుగుడుగాడిది. పాడుబడ్డ దీపస్తంభం గోడ పక్కన, పలకరాయి కింద కాపురముండేవాడు. దీవి మొత్తమ్మీద వాడంత నోరున్న పిట్ట లేదు కనక వాడి గొంతే రికార్డు చేశాం. మిక్సీ తిరిగి తిరిగి చివర్లో ఎక్కిలి పెట్టినట్టు ఉంటుంది. ఆ ఎక్కిలి వాడొక్కడిదే. తర్వాత ఒక చలికాలం వాడి కాలు, మేం తొడిగిన నంబరు రింగుతో సహా, ఒడ్డుకు కొట్టుకొచ్చింది. గొంతు మాత్రం నా జేబులో ఉండి ఇప్పటికీ ఇరుగుపొరుగుతో తగువు పెట్టుకుంటూనే ఉంది.

ఈ ఏడు ఆ తగువుకి వచ్చేవాళ్ళే కరువయ్యారు. వరసలకి వరసలు పిలిచినా జవాబు లేదు. చెయ్యి పెడితే చల్లటి గుడ్డు తగిలేది, లేదా ఏమీ తగిలేది కాదు. కారణం కోసం పెద్దగా వెతకక్కర్లేదు. దీవికి పడమర లోతు తక్కువున్న చోట చేపపిల్లలు గుంపులు గుంపులుగా పెరుగుతాయి. దాన్ని ఆఫీసులో పడమటి మేర అంటారు. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా అక్కడ పెద్ద ఓడలు వల వెయ్యకూడదని నిషేధం. ఈసారి చేపపిల్లల్ని ఎండబెట్టి చేసే కోళ్ళ దాణాకి గిరాకీ ఉందని నిషేధం ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆలోపు ఓడలు సన్నకన్ను వలలతో ఆ మేరని ఊడ్చేశాయి. తిండికి వెళ్ళిన పిట్ట ఇంకా ఇంకా దూరం పోయింది, వేళకి తిరిగి రాలేదు. గుడ్డు మీదున్నది కడుపు మాడ్చుకుని రోజుల తరబడి ఎదురుచూసి, ఇక ఓపలేక గుడ్డుని వదిలేసి పోయింది. ఇదంతా నేను కనిపెట్టిన గొప్ప సంగతేం కాదు, చెయ్యి పెడితే చేతికి తగులుతుంది.

ఎలాగో నిలిచిన గుడ్లు ఇప్పుడిప్పుడే చిట్లుతున్నాయి. ఆ పిల్లలు ఎగిరేదాకా మేరని మూసి ఉంచుతారా, లేక తెరిచేస్తారా అన్నది మర్నాడు పొద్దున చేపలవేట కమిటీ తేల్చాలి. సరిగ్గా దాని ముందురోజు మా అక్క తలుపుకి రెట్టింపు అని అంటించుకుంది.

"ఎక్కడ రెట్టింపు? ఏ బొరియలో? పద, చూపించు," అన్నాను.

"అరవకు. గుంజల మీద పెట్టెలు పెట్టించాను కదా. అవి విన్నాయి."

ఈ వసంతంలో దీవి మీద గుంజలు పాతి, వాటికి వినే పెట్టెలు బిగించారు. పిట్ట గొంతు వినపడితే గుర్తుపడతాయట. ఎన్ని పిలుపులు పడితే ఏ మేరకు పిట్టలున్నాయో లెక్కగట్టి చెబుతాయట. అక్క ఆలోచనే అదంతా. పై ఆఫీసుల్లో మంచి పేరొచ్చింది కూడా.

"నేలమీద పడుకుని, చెయ్యి పెట్టి చూసి నేను చెబితే చెవికెక్కదు. గుంజ చెబితే ఎక్కిందా?"

"నువ్వు మనిషివి. కోపంలో ఒకటి తక్కువేస్తావు. మిషనుకి కోపం రాదు."

ఒళ్ళు మండిపోయింది. ఆవిడ బల్ల మీదున్న పూలకుండీ కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. విసరలేదు, ఆ కుండీ నేను కొనిచ్చిందే. "ఆ విన్నదేదో నాకూ వినిపించు," అన్నాను.

అక్క కంప్యూటరు నా వైపు తిప్పి, చెవులకి పెట్టుకునేది చేతికిచ్చింది. తెర మీద ఒక గీత పాకుతోంది. పిట్ట గొంతు వచ్చినచోటల్లా మిషను ఆకుపచ్చ చుక్క పెట్టింది. చుక్కలు చాలానే ఉన్నాయి. నేను ఒక దాని మీద నొక్కాను.

గర్ర్‌మంటూ గొంతు తిరిగి తిరిగి, చివర్లో ఎక్కిలి పెట్టింది.

రెండో చుక్క నొక్కాను. అదే గొంతు, అదే ఎక్కిలి. మూడోదీ అంతే. నాలుగోది అవగానే ఆపకుండా అలాగే విన్నాను. గాలి చప్పుడు. గడ్డి చప్పుడు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి గొంతు, దగ్గుతూ, "పలకవేంరా మొద్దూ? తినడానికి పోయావా, చచ్చావా?" అంది. వెంటనే మళ్ళీ గొణుగుడుగాడు. మళ్ళీ ఆకుపచ్చ చుక్క.

ఆ ఆడమనిషి నేనే.

చెవులకున్నది తీసి అక్క చెవులకి తగిలించాను. ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. నా తిట్టు వినగానే ఫక్కున నవ్వింది. "పిట్టల్ని ఇలా తిడతావుటే?" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంకో చుక్క నొక్కింది, ఇంకోటి నొక్కింది. నవ్వు ఆగిపోయింది.

"ఇవన్నీ..."

"అన్నీ వాడే. చచ్చిపోయినవాడు. నేను జేబులో వేసుకుని తిప్పుతున్నవాడు."

"పిట్టలు వాటంతటవి కూసేది చీకట్లోనే కదా. రాత్రిళ్ళు మాత్రమే వినేలా పెట్టమన్నాను."

"పెట్టారో లేదో చూశావా? పగలు ఎర్రలైటు మినుకుమంటుంటే బ్యాటరీ కాబోలు అనుకున్నాను నేను. నాకు వాటి సంగతి ఎవరు చెప్పారు గనక! గుంజల దగ్గరికి వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు."

అప్పుడు తట్టింది నాకు అసలు సంగతి. లోపల పిట్ట ఉంటే ఒక్క పిలుపుకే పలుకుతుంది, నేను పక్క బొరియకి జరుగుతాను. ఖాళీ బొరియ దగ్గర మాత్రం మూడుసార్లు పిలుస్తాను. అంటే దీవి ఎంత ఖాళీ అయితే నేను అన్ని ఎక్కువసార్లు పిలుస్తాను, ఆ గుంజ మీది మొద్దు అన్ని ఎక్కువ పిట్టలు లెక్కేస్తుంది. చల్లబడిన గుడ్డు తగిలిన ప్రతిచోటా నా చేత్తో నేనే పిట్టల్ని పెంచుకుంటూ పోయాను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బల్లని ఒక్క తన్ను తన్నాను. కాలి బొటనవేలు వాచింది.

"ఇప్పుడే కమిటీ చైర్మన్‌కి ఫోన్ చెయ్," అన్నాను.

అక్క నీళ్ళు నమిలింది. "కాగితం అందరికీ వెళ్ళిపోయిందే. పై నుంచి అభినందనలు కూడా వచ్చాయి. ఇప్పుడు తప్పంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కాస్త ఆగు. వచ్చే ఏడాది పగలు వినడం ఆపించేస్తాను, లెక్క దానంతటదే దిగుతుంది."

"వచ్చే ఏడాదికి దిగడానికి ఏం మిగులుతాయే?"

"పొద్దున్నే చేస్తాను. కమిటీకి ముందే చేస్తాను. సరేనా? ఇక ఇంటికి పోయి స్నానం చెయ్, కంపు కొడుతున్నావు."

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, నేను కింద, అక్కా బావా పైన. ఆ రాత్రి భోజనానికి బావ పిలిచాడు. బావ బళ్ళో లెక్కలు చెబుతాడు. మా ఇద్దరి మధ్య ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాడంటే నోట్లో నాలుక లేకపోవడం వల్లే. అక్క మొహం మాడ్చుకుని కంచంలో వేళ్ళు తిప్పుతోంది. నేను గిన్నెలు ఠంగుఠంగుమని పెడుతున్నాను.

"ఏంటి మరదలా, గిన్నెలేం చేశాయి నిన్ను?" అన్నాడు బావ.

జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, మంచినీళ్ళు తాగి, పిల్లలకి లెక్క విడమరిచి చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు. "అంటే తాళం వేసిన ఇంటి తలుపు ఎన్నిసార్లు కొడితే ఆ ఇంట్లో అంతమంది ఉన్నట్టన్నమాట."

అక్క కంచం తోసేసి లేచింది. "మీరూ మొదలెట్టారా? పొద్దున చేస్తానన్నానా లేదా?" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బావ నా వైపు చూసి భుజాలెగరేశాడు. ఇన్నేళ్ళలో ఆయన నోరు జారడం అదే మొదటిసారి, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

పొద్దున అక్క ఫోన్ చెయ్యలేదు.

చేసిందేమో అనుకుని కమిటీ గదిలో వెనక వరసలో కూర్చున్నాను. పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, ఒక్కొక్కరి ముందు అదే రంగుల కాగితం. అక్క లేచి, గొంతు సవరించుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది. "ఈ సంవత్సరం ఆధునిక పద్ధతుల్లో చేసిన పరిశీలన ప్రకారం నల్లపిట్టల సంఖ్య..."

ఆ సంఖ్య ఆవిడ నోట్లోంచి రాకముందే నేను జేబులోంచి పెట్టె తీసి నొక్కాను.

గది గదంతా గొణుగుడుగాడి గొంతుతో నిండిపోయింది. చివర్లో ఎక్కిలి. కొందరు ఉలిక్కిపడ్డారు. చైర్మన్‌గారు మాత్రం మురిసిపోయారు. "ఆహా, ఇదేనా మన నల్లపిట్ట? ఎంత హుషారుగా ఉందండీ!"

"ఇది చచ్చిపోయిందండీ," అన్నాను. "చచ్చి ఏళ్ళయింది. మీ చేతిలో కాగితం మీదున్న రెట్టింపు ఇదొక్కటే. ఖాళీ బొరియల ముందు నేను దీన్ని వినిపించాను. ఆ మిషన్లు విని పిట్టలని లెక్కేశాయి. బొరియల్లో పిట్టల్లేవు. చల్లబడిన గుడ్లున్నాయి. మేర తెరిస్తే ఇప్పుడు పుడుతున్న నాలుగు పిల్లలూ ఆకలితో చస్తాయి."

చైర్మన్‌గారు కళ్ళజోడు తీసి అక్క వైపు తిరిగారు. "నిజమేనా మేడం?"

అక్క తన ముందున్న కాగితం వైపు చూసింది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. నేను మా అక్కని అలా అనుమానించడం నాకే అసహ్యమనిపించింది.

"నిజమేనండీ," అంది అక్క. "ఈ సంఖ్య తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

హమ్మయ్య అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

చైర్మన్‌గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, తొందరేమీ లేకుండా, చాలా మర్యాదగా మాట్లాడారు. "మేడంగారు వాళ్ళ లెక్క తప్పన్నారు. వీరేమో తమ పని వల్లే ఆ లెక్క చెడిందన్నారు. మరి మా ముందు నిలబడే లెక్కంటూ ఏముందండీ?"

"నా లెక్కుందండీ. ప్రతి బొరియ..."

"ఉంది, ఉంది. నిన్నటిదాకా వారిదీ ఉంది. ఏ లెక్కా లేకుండా అన్ని ఓడల్ని ఆపమంటే ఎలా? గుంజలూ పెట్టెలూ ఎవరూ ముట్టుకోకండి, అలాగే ఉంచండి, పరిశీలనకి మనిషిని పంపుతాం. వచ్చే ఏడాదికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో తేల్చుకుని ఒక మాట మీద రండి. అప్పటిదాకా మేర తెరిచి ఉంచుతాం."

అందరూ నవ్వారు. అంత పెద్ద నవ్వేం కాదు. కుర్చీలు జరుపుకుంటూ, నీళ్ళ సీసాలు తీసుకుంటూ నవ్వే నవ్వు. దీవి కొట్టుకుపోయిందని కాదు, మధ్యాహ్నం భోజనానికి వేళయిందని లేచారు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకున్నా నా పళ్ళు పటపటలాడతాయి.

మెట్ల మీద అక్క నన్ను అందుకుంది. "నిజం చెప్పాను కదే."

"ఎప్పుడు చెప్పావు? నిన్న ఫోన్లో చెప్పుంటే ఒక లెక్క తప్పని తేలేది, నా లెక్క నిలబడేది. అందరి ముందు నేను మెడలు వంచితే చెప్పావు. దాన్ని వాళ్ళు నిజం అనుకోలేదు, ఇంటి గొడవ అనుకున్నారు."

"నువ్వు మాత్రం ఆ పెట్టె మోగించకుండా నాతో చెప్పకూడదూ?"

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను నీకు! ఇంకెలా చెప్పాలి?"

ఆవిడ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వెయ్యలేదు. అప్పుడు వెయ్యలేదనే చెబుతున్నాను. "రేపు పొద్దున పడవెక్కు," అన్నాను. "నువ్వు పోగొట్టిందేంటో చేత్తో పట్టుకుని చూడు."

ఎక్కదనుకున్నాను. తెల్లారేసరికి అక్క, బావ వానకోటు తొడుక్కుని, రేవులో నిలబడి ఉంది.

మా పడవ నడిపే అతన్ని నింపాది అంటాం. తాడు విప్పడానికి కూడా ముహూర్తం చూస్తున్నట్టుంటాడు. అక్కని ఎగాదిగా చూసి, "పెద్దమ్మగారు దీవికొచ్చి ఎన్నాళ్ళయిందో. చేపలు కూడా మర్చిపోయుంటాయి," అన్నాడు. అక్క నవ్వలేదు. దారిలో అతనే వేలు పెట్టి చూపించాడు. పడమర వైపు నీళ్ళ చివర ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి. కమిటీ లేచి ఒక రోజన్నా సరిగ్గా గడవలేదు. ముందే వచ్చి కాచుకున్నట్టున్నాయి.

దీవి మీద అక్కని దీపస్తంభం గోడ దగ్గరి వరసకి తీసుకెళ్ళాను. మొన్న వచ్చినప్పుడు అక్కడొక బొరియలో మగపిట్ట ఒక్క పిలుపుకే తిరగబడింది. నా మీద పోట్లాటకొచ్చినందుకు ముద్దొచ్చింది కూడా. "దీన్ని పిలువు," అని పెట్టె అక్క చేతికిచ్చాను.

ఆఫీసు ప్యాంటుతోనే గడ్డిలో బోర్లా పడుకుంది. పెట్టెని బొరియ మూతి దగ్గర పెట్టి నొక్కింది. గొణుగుడుగాడు గొణిగి, ఎక్కిలి పెట్టి ఊరుకున్నాడు. లోపల్నుంచి ఏమీ రాలేదు. అక్క నా వైపు చూసింది. రెండోసారి నొక్కింది. చెవి నేలకి ఆనించింది. మూడోసారీ నొక్కింది.

"చెయ్యి పెట్టు," అన్నాను.

మోచెయ్యి దాటేదాకా పెట్టింది. మొహం గడ్డికి ఆనుకుపోయింది. మెల్లగా చెయ్యి బయటికి తీసి అరచెయ్యి విప్పింది. తెల్లటి గుడ్డు. ఒక పక్క చిన్న చిల్లు, ఆ చిల్లులోంచి పిల్ల ముక్కు కొస కనబడుతోంది. లోపల్నుంచి గుడ్డు పగలగొట్టుకోవడం మొదలుపెట్టి ఆగిపోయింది. అక్క దాన్ని రెండు చేతుల్తో మూసి, నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదింది. మళ్ళీ మళ్ళీ ఊదింది. నేను వద్దనలేదు.

"పలకవేంరా మొద్దూ," అంది అక్క ఆ గుడ్డుతో.

ఆ తర్వాత గుడ్డుని నా చేతిలో పెట్టి లేచింది. మోకాళ్ళకి మట్టి, జుట్టు నిండా గడ్డి. తిన్నగా గుంజ దగ్గరికి నడిచింది. పీకి సముద్రంలో పారేస్తుందనుకున్నాను. పీకలేదు. పెట్టెకి మొహం దగ్గరగా పెట్టి, జన్మలో ఎన్నడూ అరవని మా అక్క, దీవి దద్దరిల్లేలా అరిచింది.

"ఇక్కడ ఎవరూ లేరు! వినపడుతోందా? ఎవరూ లేరు!"

ఎర్రలైటు మినుకుమంటూ పెట్టె అంతా విన్నది. మనిషి గొంతు దాని లెక్కలోకి రాదు. పిట్ట గొంతు మాత్రం మూడుసార్లు విన్నది, మూడు చుక్కలు పెట్టుకుని ఉంటుంది.